మా ఆయన బ్యాండు ముసలి రోజులు

నేను కాపురానికి వచ్చేసరికే వాళ్ల మంచి రోజులు అయిపోయాయి. మా అత్తమామల సంగతి కాదు నేను చెప్పేది, ఒక బ్రిటిష్ రాక్ బ్యాండు సంగతి. హైదరాబాదులో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర కాసెట్ కాపీ చేయించుకున్నప్పటి నుంచీ మా ఆయనకు ఆ బ్యాండు చుట్టాలకంటే ఎక్కువ. జుట్టు విరబోసుకుని స్టేడియాలు నింపిన వాళ్ల వయసు రోజులన్నీ ఆయన ఖాతాలోకి పోయాయి. నా వంతుకు వచ్చినవి వాళ్ల బట్టతలలూ, మోకాళ్ల నొప్పులూ, కోర్టు కేసులూ.

బ్యాండు పైకొచ్చిన కథ ఎవరైనా చెబుతారు. పైకొచ్చాక, ఆ పైన ఉండలేక, దిగిపోవడానికీ మనసొప్పక ఇన్నేళ్లు ఎలా గడిపారన్నది ఎవరూ చెప్పరు. నేను చెప్పగలను. జర్మనీలో, బ్యోబ్లింగెన్ అనే ఊళ్లో మా అద్దె ఇంట్లో, శనివారం పొద్దున్నే, ఒక చేత్తో వాక్యూమ్ క్లీనర్ లాగుతూ మా ఆయన ఆ పురాణమంతా నాకు వినిపించారు. ఆ ఇల్లూ, జర్మనీ ఉద్యోగాలూ, పిల్లదీ అన్నీ తర్వాత వచ్చాయి గానీ శనివారం పురాణం మాత్రం హైదరాబాదులోనే మొదలైంది.

మొదట ఐదుగురు. కీబోర్డు వాయించేవాడు విసుగొచ్చి ఊరవతల గొర్రెలు పెంచుకోవడానికి వెళ్లిపోయాడు. డ్రమ్ములాయన పోయాడు. ఆ రోజు మా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టారు, మా మేనమామ పోయినప్పుడు కూడా పెట్టలేదు. బేసు గిటారు అతనికీ, పాడే అతనికీ చెడింది. ఎందుకు చెడిందని అడిగితే మా ఆయన పావుగంట చెబుతారు, విన్నాక కూడా ఎందుకు చెడిందో తెలియదు. కొన్నాళ్లు ఒకే పేరుతో రెండు బ్యాండులు ఊళ్లు తిరిగాయి. ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లా ఒక ఊరు వీళ్లది, ఒక ఊరు వాళ్లది. కోర్టు తీర్పు వచ్చాక పేరు గాయకుడి వైపు మిగిలింది. మిగిలిందనుకునేలోపు అతని గొంతుకు ఆపరేషన్. అతని బదులు ఎవరో కుర్రాణ్ణి పెట్టుకుని మూడేళ్లు నడిపారు. ఆ మూడేళ్లూ మా ఆయన వాళ్ల మొహం చూడలేదు. చివరికి గాయకుడు తిరిగొచ్చాడు. గిటారు పెద్దాయన వేళ్లు వంగడం మానేశాయి కాబట్టి పక్కన అతని కొడుకు నిలబడి కష్టమైనవన్నీ వాయిస్తాడు. పాటలన్నీ శ్రుతి దించారు, వేగం తగ్గించారు. ఇక చాలిస్తున్నామని ప్రకటించారు. ప్రతి ప్రకటన తర్వాతా మరో యాత్ర.

ఇంత జరుగుతున్నా వాళ్లు ఆల్బమ్‌లు తీయడం ఆపలేదు. కొనేవాళ్లు లేకపోయినా తీశారు. "మన పెండ్లయినంక వచ్చినవే అసలు ఆల్బమ్‌లు," అనేవారు మా ఆయన. "వయసుల ఉన్నప్పుడు ఎవడైనా అరుస్తడు. గిప్పుడు పాడేది చూడాలె." నేను చూశాను, విన్నాను కూడా. నాకు చెవిలో జోరీగే. కాకినాడలో మా నాన్న రేడియోలో వినే పాటలకీ, ఈ గోలకీ ఎక్కడా పొత్తు కుదరలేదు. మా అమ్మాయికి పదిహేనేళ్లు, దాని అభిప్రాయం ఇంకా చిన్నది. "పాపా, లైజర్ బిట్టె!" అని తలుపు వేసుకునేది. నాన్నా, సౌండు తగ్గించమని. వీధిలో జర్మన్, ఇంట్లో తెలుగు, కోపం వస్తే ఇంట్లోనూ జర్మన్, అదీ దాని పద్ధతి.

సౌండు తగ్గించమని అరిచిన ఇంట్లోనే సౌండు పెంచాల్సిన రోజులు వచ్చాయి. ఒక చలికాలం మా ఆయన ఎడమ చెవి రాత్రికి రాత్రి మూతబడిపోయింది. ఇంజెక్షన్లు ఇచ్చారు, సెలైన్ పెట్టారు, తెరుచుకోలేదు. కుడి చెవి ఉంది కదా అనుకున్నాం. ఆ కుడి చెవి కూడా మెల్లమెల్లగా తగ్గడం మొదలుపెట్టింది. దానికి చెవి మిషన్ పెట్టారు. మిషన్ పెట్టినా "ఆఁ?" అనడం పోలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని మూడుసార్లు అరిచి అడిగితే మూడోసారికి నాకు కూర మీదే విరక్తి పుట్టేది. నిజం చెప్పాలంటే నేను అలసిపోయాను. ఆఫీసులో రోజంతా మాట్లాడి, ఎస్-బాన్ రైల్లో నిలబడి ఇంటికొచ్చి, మళ్లీ ప్రతి మాటా గట్టిగా, రెండేసిసార్లు చెప్పాలంటే ఒక్కోసారి ఏమీ చెప్పకుండానే పడుకునేదాన్ని. ఆయన అలసట ఇంకా ఎక్కువని నాకు తెలుసు. స్టుట్‌గార్ట్‌లో ఆయన ఆఫీసు మీటింగుల్లో అందరూ నవ్వితే నవ్వడం, అందరూ తలూపితే ఊపడం అలవాటు చేసుకున్నారు. ఒకసారి తనకే కొత్త పని అప్పజెబుతుంటే తలూపి వచ్చారు. ఏం పనో తెలియదు.

చెవి డాక్టరు చివరికి, ఎడమ చెవి నరం పనికిరాదు, కుడి చెవికి ఇంప్లాంట్ పెట్టాల్సిందే అంది. చెవి లోపల చిన్న పరికరం అమర్చి, బయట ఇంకొకటి తగిలిస్తారు. మాటలు మళ్లీ బాగా వినిపించే అవకాశం ఉందట. మా ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, పాటలు? ఆవిడ కాసేపు పెన్ను తిప్పింది. కుడి చెవిలో ఇప్పుడు సొంతంగా మిగిలున్న వినికిడి ఆపరేషన్‌లో పోవచ్చు అంది. పరికరం మాట కోసం చేసింది, సంగీతం గురించి మాట ఇవ్వలేను, కొందరికి మెల్లగా వస్తుంది, కొందరికి గిన్నెలు దొర్లినట్టే ఉంటుంది అంది. మా ఆయన తలూపారు. ఈసారి విని, అర్థమయ్యే ఊపారు.

"టెర్మిన్ దొరికిందా?" అని తెలిసిన వాళ్లందరూ అడిగేవారు. ఈ దేశంలో జబ్బుకంటే టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడం పెద్ద విషయం. చాలా నెలలకు దొరికింది, ఒక గురువారానికి. ఆ వారమే, గురువారానికి ముందు ఆదివారం నాడు, స్టుట్‌గార్ట్ పక్కన ఒక టౌన్‌హాల్లో ఆ బ్యాండు పాడబోతోందని మా అమ్మాయి ఫోన్‌లో చూసింది. సొంత దేశంలో వాళ్లను అడిగే దిక్కు లేదు గానీ జర్మనీ చిన్న ఊళ్లలో మాత్రం ఇంకా హాళ్లు నిండుతాయి. మమ్మల్ని అడక్కుండానే మాకు రెండు టికెట్లు తీసేసింది. తనకు మాత్రం తీసుకోలేదు.

ఆయనకు ఒక పాట ఉంది. రేవు విడిచిపోయే పడవ గురించి ఏదో. మధ్యలో ఒక చోట గొంతు ఎక్కడికో ఎక్కుతుంది, ఎక్కి అక్కడే నిలబడుతుంది. కాసెట్లో, సీడీలో, ఫోన్‌లో, ఎన్నిసార్లు విన్నారో లెక్క లేదు. ఎదురుగా మాత్రం ఎప్పుడూ వినలేదు. వాళ్లు ఇండియాకు రాలేదు. మేం జర్మనీ వచ్చాక పిల్ల చిన్నదనీ, వీసా పని అనీ, గొంతు ఆపరేషన్ అనీ, ఆ కుర్రాడు పాడుతున్నాడనీ ఒక్కసారీ కుదరలేదు. "ఒక్కసారి నా చెవితోని వింటే చాలు," అన్నారు టికెట్లు చూసి. "గంతే. తర్వాత గురువారం నాడు కోసుకోనీ." నాకు ఆ పాట ఇష్టం లేకపోయినా ఈ ఒక్కటి జరగాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. రాక్ పాట కోసం వెంకన్నను అడగడం అదే మొదటిసారి.

చిక్కు ఎక్కడంటే, ఆయన చెవి మోతను ఎక్కువసేపు తట్టుకోలేదు. గట్టి చప్పుడులో అరగంట కూర్చుంటే ఆ తర్వాత విన్నదంతా ముద్దైపోతుంది. బావి నీళ్లలో మునిగి వింటున్నట్టు ఉంటుందట. అందుకని ఆయన ప్లాన్ వేశారు. ఆ పాట చివరన పాడతారు. నలభై ఏళ్లుగా ప్రతి కచేరీ దాంతోనే ముగించారు, ఆయన దగ్గరున్న రికార్డింగులన్నీ అలాగే ముగుస్తాయి. కాబట్టి మొదటి సగం బయటే కూర్చోవాలి, చెవి మిషన్ తీసేసి, రెండు చెవుల్లో స్పాంజ్ బిరడాలు పెట్టుకుని. విరామం తర్వాత లోపలికి వెళ్లి, బిరడాలు అలాగే ఉంచుకుని, చివరి పాటకు తాజా చెవితో సిద్ధంగా ఉండాలి.

ఇందులో ఆయనకు అనుభవం కూడా ఉంది. మా తెలుగు సంఘం ఉగాది ఫంక్షన్‌కి ఎన్నో ఏళ్లు స్టేజి బాధ్యత ఆయనదే. మొదట జ్యోతి ప్రజ్వలన, తర్వాత స్పాన్సర్లకు శాలువాలు, తర్వాత పెద్దల డాన్సులు, ఇండియా నుంచి పిలిపించిన గాయకుడు అందరికంటే చివర. పిల్లల డాన్సులు ఆ గాయకుడికి కొంచెం ముందు, అప్పుడు తల్లిదండ్రులు కదలరు. "అసలు సరుకు ముందే పెడితే జనం ఉంటరా? తిని పోతరు," అనేవారు. ఆయన వేసిన వరుసలో ఒక్క కుర్చీ ఖాళీ అయ్యేది కాదు. మనవాళ్ల ఫంక్షన్లు చూసిన ఎవరికైనా అది తిరుగులేని లెక్కే.

మా అమ్మాయి ఒక్కసారి అంది. "పాపా, ఏ పాట తర్వాత ఏ పాటో నెట్‌లో ఉంటుంది. ఫాన్స్ రాస్తారు. సోల్ ఇష్ గుకెన్?" చూడనా అని. ఆయన చెయ్యి అడ్డం ఊపారు. "వద్దు బిడ్డా. ముందే తెలిస్తే మజా ఏముంటది? ఆఖరికి పాడేది నాకు ఎరుకే." అది భుజాలెగరేసి వెళ్లిపోయింది. నేనూ చూడమనలేదు. ఆయన అంత ధీమాగా ఉండటం చూసి చాలా రోజులైంది.

కచేరీ సాయంత్రం ఐదింటికి. రాక్ కచేరీ ఐదింటికేమిటని నేను నవ్వాను. పాడేవాళ్లు డెబ్బై దాటారు, వినేవాళ్లూ అంతే, ఎనిమిదింటికి అందరూ మందులు వేసుకోవాలి అన్నారు మా ఆయన, కోపం లేకుండానే. ఆదివారం ఎస్-బాన్ పట్టాల మరమ్మతు. రైలు బదులు బస్సెక్కించారు, బస్సు దింపి మళ్లీ రైలెక్కించారు. తల ప్రాణం తోకకొచ్చింది. టీషర్టు మీద జాకెట్ వేసుకుని, జిప్పు మెడ దాకా లాక్కుని ఆయన మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఆ టీషర్టు వాళ్లదే, ఏదో ఒక వీడ్కోలు యాత్రది.

హాలు ముందు జనాన్ని చూసి నాకు జాలేసింది. నెరిసిన పిలకలు, జీన్స్ చొక్కాల మీద కుట్టుకున్న బ్యాండు గుర్తులు, కళ్లజోళ్లకు తాళ్లు, చంకలో కుర్చీ మీద వేసుకునే దిండ్లు. ఒకావిడ పట్టుకు నడిచే చక్రాల బండికి బ్యాండు జెండా కట్టుకుని వచ్చింది. అందరూ ఒకరినొకరు ఎరిగినట్టే ఉన్నారు, ప్రతి ఊరికీ వెళతారట. ఐదు కొట్టేసరికి అంతా లోపల ఉన్నారు. తలుపులు మూశారు. జ్యోతి లేదు, శాలువా లేదు, స్వాగతోపన్యాసం లేదు.

బయట వసారాలో కోట్లు అప్పగించే చోట పక్కన ఒక బెంచీ ఉంది. అక్కడ కూర్చున్నాం. ఆయన కుడి చెవి మిషన్ తీసి, చిన్న డబ్బాలో పెట్టి, డబ్బా జేబులో వేసుకున్నారు. రెండు చెవుల్లో పసుపుపచ్చ బిరడాలు దోపుకున్నారు. చేతులు కట్టుకుని, తల గోడకు ఆనించి కళ్లు మూసుకున్నారు. ఆపరేషన్ బల్ల మీద మనిషిలా కనిపించారు నాకు, అది అనుకోకూడదని మొహం తిప్పుకున్నాను. నేను బ్రెట్‌సెల్ రొట్టె ఒకటి కొనుక్కుని తింటున్నాను. టికెట్ ఉండి కూడా బయట కూర్చున్న మమ్మల్ని కోట్ల దగ్గర మనిషి వింతగా చూసింది.

అప్పుడు తలుపుల వెనక గిటారు మోగింది.

నాకు రాగాలు తెలియవు, తాళాలు తెలియవు. కానీ ఆ గిటారు తెలుసు. పద్దెనిమిదేళ్లు ఆ గిటారుకే ఇల్లు తుడిచాను, దానికే పిల్లకు జడ వేశాను. పొరపాటు పడ్డానేమోనని ఒక్క క్షణం ఆగాను. అతను పాట ఎత్తుకున్నాడు. అదే, పడవ పాట. కచేరీలో మొట్టమొదటి పాట.

"ఏవండీ! లెగండి! ఏవండీ!" అని భుజం పట్టి ఊపాను. ఆయన ఒక కన్ను తెరిచారు.

"కూసో," అన్నారు నింపాదిగా. "ఇంక మస్తు టైమున్నది."

నేను తలుపు వైపు చూపించాను. బాత్రూమ్ అటు కాదని ఇంకో వైపు చూపించారు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. చెయ్యి పట్టి లాగితే, కోట్లు ఎవరు చూస్తారని కోట్లు పట్టుకున్నారు. ఇక లాభం లేదని ఆయన చెవుల్లో బిరడాలు నేనే పీకేశాను. "పాట! మీ పాట పాడేస్తన్నాడు!" అని చెవిలో అరిచాను. పూర్తిగా అందలేదు గానీ మొహం మారింది. జేబులోంచి డబ్బా తీశారు. తొందరలో గోటితో లాగారు. మూత తెరుచుకుంది, మిషన్ ఎగిరి నేల మీద పడి, బెంచీ కిందికి జారిపోయింది.

ఇద్దరం మోకాళ్ల మీద కూర్చున్నాం. బెంచీ కింద చీకటి, దాని వెనక వెచ్చటి హీటర్ గొట్టాలు. గోధుమరంగు నేల మీద గోధుమరంగు మిషన్. నేను చేత్తో తడుముతున్నాను, దుమ్ము తగులుతోంది, ఎవరిదో చిల్లర బిళ్ల తగులుతోంది. లోపల పల్లవి అయిపోయింది. కాసేపటికి ఆయన తడమడం ఆపేశారని గమనించాను. మోకాళ్ల మీద అలాగే ఉండి నా మొహం చూస్తున్నారు. వెతకండి అనబోయాను. అప్పుడు తెలిసింది, నా నోరు ఆ పాట పాడుతోంది. వెతుకుతూనే, ఏడుస్తూనే, లోపల గొంతుతో పాటు ప్రతి మాటా పలుకుతున్నాను. ఆ పాట నాకు మొత్తం వచ్చని నాకే తెలియదు. చెవి తగ్గినప్పటి నుంచి ఆయనకు పెదాలు చదవడం అలవాటైంది. పెదాలు చూసే అది ఏ పాటో పోల్చుకున్నారు.

నేను ఆపలేదు. అతను ఎక్కాల్సిన చోటు వచ్చింది. గొంతు పైకి వెళ్లబోయి, సగంలో చిట్లిపోయింది. ఆ వెంటనే హాలంతా అందుకుంది, ముసలి గొంతులన్నీ కలిసి తలుపులు అదిరేలా. అప్పుడే నా వేళ్లకు మిషన్ తగిలింది. ఆయన అందుకుని చెవిలో పెట్టుకున్నారు. అది పనిచేయడం మొదలుపెట్టే ముందు కొంచెంసేపు కూనిరాగం లాంటిది తీస్తుంది. ఆ కూనిరాగం అయ్యేసరికి చప్పట్లు వినిపిస్తున్నాయి.

"అయిపోయిందా?" అన్నారు.

"అయిపోయిందండీ."

తలుపు తెరుచుకుని మోకాలికి పట్టీ కట్టుకున్న ఒక జర్మన్ ఆవిడ బీరు కోసం బయటికొచ్చింది. నేల మీద కూర్చున్న మమ్మల్ని చూసి ఏమైందని అడిగింది. నాకు వచ్చిన జర్మన్‌లో చెప్పాను, ఆ పాట చివర్లో పాడతారనుకున్నామని. ఆవిడ మొహం చిన్నబోయింది. "అయ్యో. కొంత కాలంగా మొదటే పాడుతున్నాడు," అంది. "తర్వాతయితే గొంతు ఉండదు కదా, పాపం. ఉన్నదంతా ముందే ఖర్చు పెట్టేస్తాడు." మా ఆయన భుజం తట్టి బీరు వైపు వెళ్లిపోయింది.

ఆయన మోకాళ్లు దులుపుకుని లేచారు. ఇంటికి పోదామంటారనుకున్నాను. "పా, లోపలికి పోదాం. మిగిలినవన్న ఇందాం," అన్నారు. కచేరీ అంతా విన్నాం, విరామం ముందూ తర్వాతా. కొత్త ఆల్బమ్‌లోది అని గాయకుడు అనగానే సగం హాలు లేచి బాత్రూమ్‌కీ, బీరుకీ పోయేది. మా ఆయన మాత్రం ముందుకు వంగి, కుడి చెవి స్టేజి వైపు పెట్టి కూర్చునేవారు. ఆ పాటలు ఆ హాల్లో ఆయనకు తప్ప ఇంకెవరికీ వచ్చినట్టు లేవు. గాయకుడి గొంతు నిజంగానే పాటకు పాటకు కుంగిపోయింది. విరామం తర్వాత ఎక్కువ భాగం గిటారు పెద్దాయన కొడుకే పాడాడు. గాయకుడు పక్కన నిలబడి చప్పట్లు కొట్టించాడు. చివరిది ఎవరైనా చప్పట్లు కొట్టదగిన తేలిక పాట. అప్పటికే మా ఆయన చెవి ముద్దైపోయింది, మిషన్ తీసి చేతిలో పట్టుకున్నారు. గాయకుడు వంగి దణ్ణం పెట్టి, లేవడానికి గిటారు పెద్దాయన భుజం ఆసరా తీసుకున్నాడు. మా ఆయన లేచి నిలబడి, చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టారు. నాకు ఆ ముసలాయన మీద కోపం రావాలి. రాలేదు. ఇద్దరూ ఉన్న కాస్తా పొదుపుగా వాడుకున్నవాళ్లే. అతను ముందు ఖర్చు పెట్టాడు, ఈయన చివరికి దాచుకున్నారు. మధ్యలో ఒక తలుపు.

తిరుగు రైల్లో చోటు దొరికింది. జనం ఉన్నారు గానీ, ఇక్కడి రైళ్లలో ఉండే నిశ్శబ్దమే. నేను ఆయనకు కుడి పక్కన కూర్చున్నాను, ఇప్పుడు ఎక్కడికెళ్లినా అటే కూర్చుంటాను. కొన్ని స్టేషన్లు పోయాక మిషన్ మళ్లీ చెవిలో పెట్టుకున్నారు.

"ఎట్ల పాడిండు?" అన్నారు.

అబద్ధం చెబుదామనుకున్నాను. బాగా పాడాడంటే పోగొట్టుకున్నానని బాధ, బాగా లేదంటే తన మనిషిని అన్నానని బాధ.

"పాడలేకపోయాడండీ," అన్నాను చివరికి. "ఆ పై చోటుకి గొంతు రాలేదు. జనమే పాడారు."

ఆయన తలూపారు. కిటికీ వైపు తిరిగారు. కళ్లు తుడుచుకున్నారు, దాచుకోలేదు. "జర ముందుగాల పోయుంటే అయిపోయేది," అన్నారు. "ఉగాది లెక్కనే అనుకున్న. మొద్దు బుర్ర నాది." ఆ మాట నేను భరించలేకపోయాను. మీది కాదు, మన అందరిదీ అన్నాను. వినిపించిందో లేదో తెలియదు.

మళ్లీ ఇటు తిరిగారు. "నువ్వు పాడినవు గదా. నేను చూసిన."

"ఏదో నోటికొచ్చింది."

"గట్లనే మల్ల పాడు." కుడి చెవి నా వైపు పెట్టారు.

రైలు నిండా జర్మన్లు. ఎదురు సీట్లో ఒకాయన పేపర్ చదువుతున్నాడు. పాట సంగతి నాకు పట్టదు, ఇంగ్లీషు పాటంటే అసలే పడదు, చిన్నప్పుడు బళ్లో ప్రార్థనకి కూడా నన్ను వెనక వరసలో నిలబెట్టేవారు. నోరు ఆయన చెవికి దగ్గరగా పెట్టి మొదలుపెట్టాను. పేపర్ కిందికి దిగింది. దిగనీ అనుకున్నాను. ఎక్కాల్సిన చోటు వచ్చింది, నేనూ ఎక్కలేదు, ఎక్కినట్టు అరిచాను.

"చాల్లే," అన్నారు ఆయన. "శ్రుతి లేదు, ఏం లేదు." అన్నారే గానీ చెవి తీయలేదు. బ్యోబ్లింగెన్ వచ్చేదాకా అలాగే పెట్టి ఉంచారు, నేనూ మళ్లీ మొదటి నుంచి పాడుతూ కూర్చున్నాను.

గురువారం ఆపరేషన్ జరిగింది. డాక్టరు చెప్పినట్టే చెవిలో మిగిలింది పోయింది. ఇప్పుడు మాటలు బాగానే అందుతున్నాయి. ఆఫీసు మీటింగుల్లో అర్థమయ్యే నవ్వుతున్నారు. నేను ఏదైనా ఒక్కసారి చెబితే చాలు. పాటలు మాత్రం రాలేదు. రోజూ ప్రాక్టీసు చేయమన్నారు, కొన్నాళ్లు చేసి మానేశారు. ఇనుప సామాను దొర్లినట్టుంది, నా బ్యాండును నేను అట్లా వినలేను అన్నారు. నేను బలవంతం చేయలేదు.

ఆ చెవి తన సొంతంగా విన్న ఆఖరి పాట నేను పాడిందే. కాస్త బాగా పాడి ఉండాల్సింది.